సింగపూర్‌లో పిల్లల చేతికి మట్టి అంటుకునే తోట: జేకబ్ బాలస్ చిల్డ్రన్స్ గార్డెన్

మేము సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ ప్రాంతంలో, హెచ్‌డీబీ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఒక బ్లాకులో పదకొండో అంతస్తున ఉంటున్నాం. మా పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగేళ్లు. ఈ దేశంలో నివసించే ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఇటువంటి ప్రభుత్వ గృహసముదాయాల్లోనే ఉంటారు కనుక మా పరిస్థితి ఇక్కడి చాలా కుటుంబాల పరిస్థితే. ఆటస్థలాలకు ఇక్కడ కొరత ఉందని ఎవరూ అనలేరు. లిఫ్టు దిగి కొద్ది దూరం నడిస్తే ఒక జారుడుబల్ల, ఎక్కడానికి ఒక నిచ్చెన, కింద పడినా దెబ్బ తగలకుండా పరిచిన రబ్బరు నేల కనబడతాయి. అయినా మా పిల్లలు రెండేళ్లపాటు అక్కడే ఆడిన తరువాత నాకు ఒక విషయం అర్థమైంది. వాళ్ల గోళ్లలో ఒక్కనాడూ మట్టి చేరలేదు.

ఒకప్పుడు ఇక్కడి ఆటస్థలాల్లో ఇసుక ఉండేది. 1979లో హెచ్‌డీబీ డిజైనర్ ఖోర్ ఇయాన్ ఘీ రూపొందించిన తోవా పాయో డ్రాగన్ ఆటస్థలం ఈనాటికీ ఇసుకలోనే నిలిచి ఉంది. పాత తరం సింగపూర్‌వాసులు దాన్ని తమ బాల్యానికి గుర్తుగా చూసుకుంటారు. ఆ తరువాత శుభ్రతకూ భద్రతకూ ప్రాధాన్యం పెరిగి, దాదాపు అన్ని చోట్లా ఇసుక పోయి రబ్బరు వచ్చింది. ఆ మార్పును నేను తప్పు పట్టను. కానీ పసిపిల్లకు నేల అంటే రబ్బరు అనే తెలిసి, మట్టి అంటే మురికి అనే అర్థమవుతున్నప్పుడు, వారానికి ఒక పూటైనా మరో రకమైన చోటు చూపించాలి. ఆ వెతుకులాటలో మాకు దొరికిన చోట్లలో అన్నింటికన్నా మేలైనది జేకబ్ బాలస్ చిల్డ్రన్స్ గార్డెన్. కొంతకాలంగా ఇంచుమించు నెలకొకసారి వెళుతున్నాం కనుక, కొత్తగా ఈ ఊరు వచ్చే తెలుగు కుటుంబాలకు పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

1859లో మొదలై, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో, బుకిట్ తీమా వైపు భాగంలో ఈ పిల్లల తోట ఉంది. దీనికి పేరిచ్చిన జేకబ్ బాలస్ ఇక్కడి స్టాక్ బ్రోకర్, దాత. ఆయన 2000లో మరణించగా, ఆయన ఆస్తి నుంచి వచ్చిన విరాళంతో 2007 అక్టోబరులో తోట ప్రారంభమైంది. పదేళ్ల తరువాత, 2017లో, విస్తీర్ణాన్ని రెట్టింపు చేసి నాలుగు హెక్టార్లకు పెంచారు. పొలం, పండ్లతోట, వాగు, చిన్న అడవి అప్పుడు చేరినవే, నా దృష్టిలో దీని అసలు విలువ కూడా ఆ భాగంలోనే ఉంది. ప్రవేశానికి రుసుము లేదు. సోమవారం మూసి ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకు తెరిచి ఉంటుంది, చివరి ప్రవేశం 6.30కి.

తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన నియమం ఒకటుంది. ఇది 14 ఏళ్ల వరకు వయసున్న పిల్లల కోసం ఏర్పరచిన తోట. వెంట పిల్లలు లేని పెద్దలను లోపలికి రానివ్వరు. మొదటిసారి విన్నప్పుడు ఇది మామూలు ఆంక్షగానే తోచింది గానీ, లోపల ఒక గంట గడిపిన తరువాత దాని ప్రయోజనం తెలిసింది. చుట్టూ ఉన్న ప్రతి పెద్దమనిషీ ఎవరో ఒక బిడ్డతో వచ్చినవారే అయినప్పుడు, తల్లి మనసులోని కాపలా కొంచెం సడలుతుంది. మామూలు పార్కులో చేయి వదలని నేను ఇక్కడ పాపను ఇరవై అడుగుల దూరం ముందుకు పోనిస్తాను. పరాయిదేశంలో, పక్కన అత్తగారో పిన్నిగారో మరో కన్ను వేసి ఉంచని జీవితంలో, ఆ ఇరవై అడుగుల స్వేచ్ఛ పాపకూ నాకూ ఇద్దరికీ అవసరమే.

ఆటల విషయానికి వస్తే, చిన్నపిల్లలు ముందుగా పరుగెత్తేది నీటి ఆటల చోటికే. పెద్ద హడావుడి ఏమీ ఉండదు. నీళ్లు చిమ్ముతాయి, కురుస్తాయి, పిల్లలు వాటి కింద నిలబడి కేకలు వేస్తారు, మూడేళ్లవాడికి అంతకన్నా ఏమీ అక్కరలేదు. చెట్టు మీది ఇంటిని తలపించే కట్టడం, దాని నుంచి దిగే జారుడుబల్లలు, ఊగే వంతెన, దారి తప్పించే పొదల చిక్కుదారి, ఇసుక ఆడుకునే చోటు, అడవి భాగంలో తాడు పట్టుకుని వేలాడుతూ జారే ఫ్లయింగ్ ఫాక్స్ ఉన్నాయి. వంతెన మీద మా బాబు మొదటిసారి సగం దాకా వెళ్లి ఏడ్చి వెనక్కి వచ్చాడు. మూడో నెలలో నా చేయి విడిపించుకుని ఒక్కడే దాటాడు. ఆకులను తాకి, వాసన చూసి తెలుసుకునే మొక్కల భాగం కూడా ఉంది. అక్కడ పిల్లలు తొందరపడి దాటిపోకుండా పెద్దలే కొంచెం ఆపాలి.

అయితే ఈ తోటను మామూలు ఆటస్థలం నుంచి వేరు చేసేది పొలమూ పండ్లతోటా ఉన్న వైపు. అక్కడికి వెళ్లినప్పుడు పరుగు దానంతట అదే నెమ్మదిస్తుంది. కాయ చెట్టుకు ఎక్కడ కాస్తుంది, కూర వండే ఆకు నేలలో ఎలా ఉంటుంది అన్న విషయాలు పుస్తకంలో బొమ్మగా కాక కంటి ముందు కనబడతాయి. కిందటేడు మా మామగారు మూడు నెలలు మా దగ్గర ఉండి వెళ్లారు. తెనాలి దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ఇక్కడి ఫ్లాటులో పొద్దుపోక, మాట్లాడే తోడు లేక ఎంతో ఇబ్బందిపడేవారు. ఆయనను మొదటిసారి ఈ తోటకు తీసుకువెళ్లిన రోజున, కూరగాయల మడి దగ్గర ఆగి, వంగి, ఆకు వెనకవైపు తిప్పి చూశారు. "తాతయ్యా, ఏం వెతుకుతున్నారు?" అని పాప అడిగింది. "పురుగు గుడ్లు పెడితే ఆకు అడుగునే పెడుతుందమ్మా, పైన పెట్టదు. పైన ఎండ, వాన, పిట్ట, ఇన్ని భయాలున్నాయి దానికి" అన్నారాయన. ఆ పూట గంటన్నరసేపు ఇద్దరూ ప్రతి మొక్క ఆకునూ తిప్పి చూశారు. ఈ దేశం వచ్చిన తరువాత మామగారు తనకు తెలిసినదాన్ని మరొకరికి చెప్పగలిగిన మొదటి రోజు అదేనని ఆయన ముఖం చూసి నాకు తెలిసింది. ఊరి నుంచి వచ్చిన తాతలకూ అమ్మమ్మలకూ షాపింగ్ మాల్సూ ఎత్తయిన భవనాలూ చూపించడం కన్నా ఇటువంటి చోట ఒక పూట గడపనివ్వడం ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం. పిల్లలు వెంట ఉంటేనే లోపలికి రానిస్తారు కనుక తాతయ్యకు మనవరాలే ప్రవేశపత్రం అయింది. ఆ మాట చెప్పుకుని పాప ఎంతో గర్వపడింది.

అక్కడ నేర్చుకున్నది అక్కడే ఆగిపోలేదు. హౌసింగ్ బ్లాకుల మధ్య నివాసులే కలిసి పెంచుకునే చిన్న తోటలను నేషనల్ పార్క్స్ బోర్డ్ 2005 నుంచి 'కమ్యూనిటీ ఇన్ బ్లూమ్' అనే కార్యక్రమం కింద ప్రోత్సహిస్తోంది. మా బ్లాకు పక్కన కూడా అటువంటిది ఒకటుంది. రోజూ బడికి వెళుతూ దాని ముందు నుంచే నడిచినా మేమెవ్వరం తలతిప్పి చూసినవాళ్లం కాము. తాతయ్యతో తిరిగిన తరువాత పాప అక్కడ ఆగి, ఎర్రటి కాడల మొక్క ఒకటి చూపించి ఇది మన గోంగూరలాగా ఉందే అంది. నిజమే, అది రోసెల్. ఎర్ర గోంగూర మొక్కే. ఇక్కడివాళ్లు దాని ఎర్రని పుష్పకోశాలతో పానీయం కాస్తారు, మనం ఆకుతో పచ్చడి చేసుకుంటాం. ఆ తోట చూసుకునే చైనీస్ పెద్దావిడ పాప ఆసక్తి చూసి ఒక గుప్పెడు ఆకు కోసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి పప్పులో వేశాను.

లోటుపాట్లు కూడా చెప్పాలి. మొదటిది ఈ దేశపు వాతావరణం. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్నందున ఏడాది పొడవునా సూర్యుడు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఉదయించి, సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. మన ఊళ్లలో వేసవిలో పొద్దుపోయేదాకా ఆడుకునే వెసులుబాటు ఇక్కడ ఏ నెలలోనూ లేదు. తోట ఏడింటికి మూతపడుతుంది కనుక, ఆఫీసు నుంచి ఆ వేళకు ఇల్లు చేరే తల్లిదండ్రులకు పనిరోజుల్లో ఇది అందని చోటే. శని, ఆదివారాల్లో అందరూ ఒక్కసారి వస్తారు కనుక నీటి ఆటల దగ్గర రద్దీ తప్పదు. పదకొండు నుంచి మూడింటి వరకు ఎండ పిల్లలకు మంచిది కాదు. మొదటి ఏడాది ఒకసారి మధ్యాహ్నం పన్నెండింటికి తీసుకువెళ్లి, బాబు ముఖం కందిపోయి వడలిపోగా అరగంటలో వెనుదిరిగాం. ఆ పొరపాటు మాదే. అప్పటి నుంచి ఉదయం ఎనిమిదికి తలుపు తీసే వేళకే చేరి, పదిన్నరకు బయలుదేరుతున్నాం. ఏడాదిలో 160కి పైగా రోజులు ఉరుములు వినబడే దేశమిది. మబ్బు కమ్మితే ఆట ఆపి, కప్పు కిందికి చేరడం పిల్లలకు ముందే అలవాటు చేయాలి. వాగు, అడవి ఉన్న చోట దోమలు కూడా ఉంటాయి. డెంగీ భయం ఉన్న దేశం కనుక దోమల మందు రాయకుండా తీసుకెళ్లవద్దు.

రెండవది వయసు. నియమం 14 ఏళ్లన్నా, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకే ఇది నిండుగా సరిపోతుందని నా అంచనా. పదేళ్లు దాటి, ఎత్తులూ వేగమూ కోరే పిల్లలకు వుడ్‌ల్యాండ్స్‌లోని అడ్మిరాల్టీ పార్కు మేలు. కొండవాలును ఆధారం చేసుకుని అక్కడ 26 జారుడుబల్లలు కట్టారు, సింగపూర్ పార్కులలో అన్ని జారుడుబల్లలు మరెక్కడా లేవు. ఈస్ట్ కోస్ట్ పార్కులో 2021లో తెరిచిన కోస్టల్ ప్లేగ్రోవ్‌లో 16 మీటర్ల ఎత్తున్న ఆటల గోపురం ఉంది. వలల మీదుగా పైకి ఎక్కాలి, ధైర్యం కావాలి. పడమటివైపు ఉండేవారికి జురాంగ్‌లో 2019లో తెరిచిన లేక్‌సైడ్ గార్డెన్ దగ్గర. అక్కడి ఫారెస్ట్ రాంబుల్‌లో చిత్తడి అడవి జంతువుల కదలికలను అనుకరించే 13 ఆటల చోట్లు ఉన్నాయి. జేకబ్ బాలస్ తరువాత నేను రెండవ స్థానం ఇచ్చేది దానికే. కార్తీకమాసంలో వనభోజనాలకు పాతిక కుటుంబాలు కలవాలనుకుంటే మాత్రం ఈస్ట్ కోస్ట్ పార్కే తగినది. పులిహోర డబ్బాలు, చాపలు మోసుకొచ్చి పెద్ద బృందంగా కూర్చోవడానికి ఈ పిల్లల తోట అనువైనది కాదు.

వాన రోజుల్లో మాల్‌లోని ఒక ఇండోర్ ఆటస్థలానికి కూడా వెళ్లి చూశాం. గంటల లెక్కన రుసుము, ప్రత్యేకమైన మేజోళ్లు కొనాలి, పెద్దగా పాటలు. ఇద్దరు పిల్లలకు రెండు గంటలకు కట్టిన సొమ్ముతో మా ఇంటికి వారం కూరగాయలు వచ్చేవి. పిల్లలకు నచ్చలేదని అనను, నచ్చింది. కానీ బయటికి వచ్చేటప్పుడు ఇద్దరూ చికాకుగా, అలసటగా ఉన్నారు. తోట నుంచి వచ్చే రోజున కూడా అలసిపోతారు, అయితే రైలులో నా ఒడిలో నిద్రపోతారు. ఆ రెండు అలసటలు ఒకటి కావు.

చేరుకోవడం సులువే. మేము నార్త్ ఈస్ట్ లైనులో సెరంగూన్ దాకా వెళ్లి, అక్కడ సర్కిల్ లైను పట్టుకుని బొటానిక్ గార్డెన్స్ స్టేషనులో దిగుతాం; డౌన్‌టౌన్ లైను కూడా అక్కడికి వస్తుంది. స్టేషను నుంచి తోట లోపలి దారిలో చిన్నపిల్లల అడుగులకు పది పదిహేను నిమిషాలు పడుతుంది, స్ట్రోలర్ నడపడానికి దారి అనుకూలంగా ఉంటుంది. బయలుదేరే ముందు నేషనల్ పార్క్స్ బోర్డ్ వెబ్‌సైటులో ఏదైనా భాగం మరమ్మతుకు మూసి ఉందేమో చూసుకోవాలి. నీటి ఆటలు ఉన్నాయని ఆశపెట్టి తీసుకెళ్లి, అవి ఆగిపోయి ఉంటే నాలుగేళ్లవాణ్ని ఓదార్చడం కష్టం. సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, టోపీ, నీళ్ల సీసాలు, డైపర్ వయసు పిల్లలుంటే ఈత డైపర్, దోమల మందు, ఉదయం చేసిన ఇడ్లీలు పెట్టుకుంటాం. మట్టి అంటిన బూట్ల కోసం ఒక పాత ప్లాస్టిక్ కవరు కూడా. ఆ కవరు మరిచిపోతే తిరుగు ప్రయాణంలో రైలు శుభ్రంగా ఉండదు.