నడుం నొప్పికి కైరోప్రాక్టిక్: దిల్‌సుఖ్‌నగర్ వైపు క్లినిక్‌లో నేను చూసింది

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మగ్గం వర్క్ బొటిక్. శ్రావణ మాసం ఆర్డర్లు మొదలయ్యాయంటే పొద్దున్నుంచి రాత్రి దాకా మగ్గం ముందు వంగి కూర్చోవడమే, అందుకే మా పనిలో ఉన్నవాళ్లలో నడుం నొప్పి, మెడ పట్టేయడం లేనివాళ్లు తక్కువ. కైరోప్రాక్టిక్ అంటే చేతులతో వెన్ను కీళ్లని నెట్టి చేసే చికిత్స. అది చేసే ఈ క్లినిక్ గురించి వివరంగా రాయడానికి కారణం ఒక్కటే, వీళ్లు నడుం టక్కుమనిపించి పంపించేయరు, మనం రోజంతా ఎలా కూర్చుంటున్నాం, ఎలా లేస్తున్నాం అన్నది మార్పిస్తారు. నా నడుం చాలావరకు బాగుపడింది దానివల్లే. ఫోన్‌లో ఎముకలు విరిచే వీడియోలు చూసి వెళ్దామనుకునేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిసారి వెళ్తే టేబుల్ ఎక్కించకముందు చాలాసేపు ప్రశ్నలే. నొప్పి కాల్లోకి పాకుతోందా, దగ్గితే ఎక్కువవుతోందా, రాత్రి నిద్రలోంచి లేపుతోందా, జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా, మలమూత్రాల మీద అదుపు ఉందా, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉందా అని ఒక్కొక్కటీ అడిగారు. చివరి రెండూ చెప్పడానికి మన ఆడవాళ్లు మొహమాటపడతారు, దయచేసి పడొద్దు. వెన్ను చివర ఉండే నరాల గుత్తి నొక్కుకుపోతే వచ్చే లక్షణాలవి. అవి ఉంటే ఏ సిట్టింగూ పనికిరాదు, ఆ రోజే నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఆపరేషన్ ఆలస్యమైతే పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు.

తర్వాత చిన్న సుత్తితో మోకాళ్ల మీద తట్టి చూశారు, పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తి చూశారు, మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు. ఎమ్మారై అడగలేదు. నేనే అడిగాను, తీయించుకు రమ్మంటారా అని. నరం దెబ్బతిన్న గుర్తులు లేవు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదన్నారు. ఇంటికొచ్చి చదివితే అది నిజమే. ఏ నొప్పీ లేని మనుషుల స్కానింగ్‌లన్నీ పోగేసి 2015లో ఒక పరిశీలన వచ్చింది, అందులో 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది, ఉబ్బి కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో అది 84 శాతం. రిపోర్టులో డిస్క్ బల్జ్ అని చూడగానే ఇక నా నడుం అయిపోయిందని ఏడ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లందరికీ ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగింది. "మీరు మగ్గం ముందు ఎలా కూర్చుంటారో ఫోన్‌లో వీడియో తీసుకురండి మేడమ్" అన్నారు ఫిజియోథెరపిస్టు. తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని ఆపి ఆపి చూసి, చీర మరీ కిందికి ఉండటం వల్ల మెడ మొత్తం ముందుకు వాలిపోతోందని, ఒక చెయ్యి బట్ట కింద దారం అందిస్తూ ఉండటంతో నడుం ఒక పక్కకి తిరిగిపోతోందని చూపించారు. ఇన్నేళ్లుగా అలాగే కూర్చుంటున్నాం, ఎవరూ అనలేదు. మగ్గం కాళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచమన్నారు, పిరుదుల కింద గట్టి దిండు వేసుకుంటే మోకాళ్లు నడుం కంటే కిందికి వస్తాయి, లైటు దగ్గరికి జరిపితే వంగి చూడక్కర్లేదు. ఇంకో మాట, టైం పెట్టుకుని లేవమంటే ఎవరూ లేవరు కాబట్టి ఒక పువ్వు పూర్తవగానే లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా వెనక్కి వంగి, నాలుగడుగులు వేసి కూర్చోమన్నారు. ఇప్పుడు మా బొటిక్‌లో అందరం అలాగే చేస్తున్నాం. మా దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకాయన సాయంత్రానికి గోడ పట్టుకుని లేచేవారు, ఇప్పుడు పట్టుకోవట్లేదు.

ఇక అందరూ అడిగే ఆ టక్ సంగతి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైకాలు మడిపించి, ఊపిరి వదలమని ఒక్కసారి నెడతారు. నొప్పి లేదు, వదులైనట్టు హాయిగా ఉంది, ఆ హాయి రెండు మూడు రోజులుండి తగ్గిపోయింది. ఎముక చోటు తప్పితే తిరిగి ఎక్కించడం కాదది. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి గ్యాస్ బుడగ ఏర్పడేటప్పుడు వచ్చే చప్పుడు, వేళ్లు విరిచినప్పుడు వచ్చేదే. ఇక్కడి కైరోప్రాక్టర్ ఆ విషయం తనే చెప్పారు, అందుకే నాకు నమ్మకం కుదిరింది. ఈ పద్ధతి 1895లో అమెరికాలో పామర్ అనే ఆయనతో మొదలైంది, అయితే నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించే అలవాటు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది కదా, అందుకే మా అమ్మకి ఇదేమీ వింతగా అనిపించలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు ఈ వెన్ను చికిత్సకీ చోటుంది. అందులోనే నడుం బెల్టులు, ట్రాక్షన్ (వెన్నుని సాగదీసి లాగడం) మామూలుగా వాడొద్దని కూడా ఉంది. మెడికల్ షాపులో బెల్టు కొనేముందు అది గుర్తుపెట్టుకోండి.

మెడ విషయంలో మాత్రం నేను ముందే చెప్పేశాను, ఝటకా ఇచ్చి తిప్పొద్దని. మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదే అయినా ఉన్నాయి. వాళ్లు బతిమాలలేదు, నచ్చజెప్పనూ లేదు, చేతులతో నెమ్మదిగా వదులు చేసి, గోడకి తల ఆనించి గడ్డం లోపలికి లాగే వ్యాయామం నేర్పారు. మీరు ఎక్కడికి వెళ్లినా ఈ మాట అడగండి, చిన్నబుచ్చుకునే చోటైతే లేచి వచ్చేయండి.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎముకలు గుల్లబారాయని ముందే తెలుసు కాబట్టి ఆవిడ వెన్ను మీద చెయ్యి కూడా వేయం అన్నారు, అది సరైన మాట. అరిగిన మోకాలు నడిస్తే ఇంకా అరుగుతుందని అమ్మ మెట్లు, నడక అన్నీ మానేసి కూర్చుంది. వాళ్లు విడమరిచి చెప్పారు, మోకాలి గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలి బరువు పడి లేస్తుంటేనే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది, తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, కాలు చాపి తొడ బిగించి పట్టుకోవడం, అంతే. అమ్మ ఇప్పుడు సాయంత్రాలు మా వీధి చివరిదాకా నడిచి వస్తోంది, నొప్పి పూర్తిగా పోలేదు గానీ పండగ పిండివంటలకి మళ్లీ తనే నిలబడుతోంది.

ఇంత చేసినవాళ్లు క్లినిక్ మాత్రం లిఫ్ట్ లేని మొదటి అంతస్తులో పెట్టారు, మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒక పక్కే రెయిలింగ్. అమ్మని ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చే చోట ఇది పెద్ద లోపమే. సాయంత్రం ఆరు దాటితే జనం కిక్కిరిసి ఉంటారు, అపాయింట్‌మెంట్ ఉన్నా కూర్చోవాలి, పొద్దున వెళ్లండి.

ఫీజు సిట్టింగ్‌కి వెయ్యి పైనే, మామూలు ఫిజియోథెరపీ కంటే ఎక్కువ. అయినా ప్యాకేజీ కట్టమని ఒత్తిడి చేయలేదు, వ్యాయామాలు వచ్చేశాయి ఇక మళ్లీ నొప్పి వస్తేనే రండి అన్నారు. నగరంలో ఇంకో చోట నాకు తెలిసినామెకి మొదటి రోజే వెన్ను మొత్తం ఎక్స్‌రే తీసి, ఏడాదికి సరిపడా సిట్టింగులకి ముందే డబ్బు కట్టించుకున్నారు. మన దేశంలో కైరోప్రాక్టర్లకి డాక్టర్లకున్నట్టు ప్రత్యేక కౌన్సిల్ లేదు, కాబట్టి పేరు ముందు ఏముందో చూసి ఊరుకోకుండా ఎక్కడ చదివారో, ఎన్నేళ్లు చదివారో అడగండి. ఈ క్లినిక్‌లో అడిగితే సర్టిఫికెట్ చూపించారు.

క్లినిక్‌వాళ్లు ఇది చదివితే ఒక్క విన్నపం. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులోనే ఇస్తున్నారు. మా దగ్గర పనిచేసేవాళ్లకి నేను చదివి చెప్పాల్సి వస్తోంది, రేపు వాళ్లు ఇంటికి తీసుకెళ్తే ఎవరు చెబుతారు? తెలుగులో, బొమ్మలతో, పెద్ద అక్షరాల్లో వేయించండి, రాసిపెట్టమంటే నేనే రాసిస్తాను.