ఆరేళ్లు వాడిన షార్ట్‌వేవ్ రేడియో: నేను మోపిన తప్పులు, దానికి నిజంగా ఉన్నవి

దేవరకొండ దగ్గరి మా ఊరికి ఈ చేతిరేడియో 2019 దసరాకు వచ్చింది. డీఎస్‌పీ చిప్‌తో (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి శుద్ధి చేసే చిప్) పనిచేసే చైనా తయారీ, హామ్ రేడియోవాళ్లు మాట్లాడుకునే సింగిల్ సైడ్‌బ్యాండ్ కూడా పట్టే రకం. టార్చిలైట్లలో వేసే 18650 సెల్ ఒక్కటి చాలు. సిలోన్ తెలుగు పాటల కోసం మా నాన్న పాత పెట్టె ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ కూర్చోవడం చూసి పెరిగినవాణ్ణి కనుక, అంకెలు నొక్కగానే నేరుగా స్టేషను దగ్గరికి తీసుకుపోయే ఈ పద్ధతి మొదట్లో కాస్త చప్పగా తోచింది.

మొదటి ఏడాది దీన్ని తిట్టుకోని వారం లేదు. కొన్న కొద్ది నెలలకే, 2020 జనవరి 31న, బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆగిపోయాయి; అది రేడియో తప్పు కాదని నాకూ తెలుసు. కానీ 16, 13 మీటర్ల బ్యాండ్లలో (తరంగం పొడవును బట్టి పెట్టిన పేర్లు; అంకె తగ్గేకొద్దీ పౌనఃపున్యం ఎక్కువ) పగలంతా వెతికినా హోరు తప్ప ఏమీ వినబడకపోయేసరికి దీనికి అక్కడ చెవుడు ఉందని తీర్మానించుకున్నాను. అసలు సంగతి సూర్యుడిది. సూర్యుడి మీది మచ్చలు దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. అవి తక్కువగా ఉన్న రోజుల్లో, షార్ట్‌వేవ్ తరంగాలను నేలకు వంచి దూరాలకు చేర్చే అయనోమండలపు పై పొర పలచబడి, ఎక్కువ పౌనఃపున్యమున్న తరంగాలను కిందికి వంచలేక ఆకాశంలోకి వదిలేస్తుంది. కొత్త సౌరచక్రం 2019 డిసెంబరులో మొదలైంది, అంటే నేను కొన్నది సరిగ్గా అట్టడుగు దశలో. 2023 వచ్చేసరికి ఇదే రేడియోలో, ఇదే డాబా మీద, 17 మెగాహెర్ట్జ్ పైన, అంటే అవే 16, 13 మీటర్ల బ్యాండ్లలో, మధ్యాహ్నం పూట స్టేషన్లు వరుసగా పలకసాగాయి.

నా రెండో ఫిర్యాదు రొద. పొద్దుగూకాక 41, 31 మీటర్లలో తేనెతుట్టె కదిపినట్టు ఒకటే మోత ఉండేది. ఒక వేసవి సాయంత్రం గాలిదుమారానికి స్తంభం ఒరిగి ఊరంతా కరెంటు పోయింది. పిట్టగోడ మీద పెట్టిన రేడియోలో ఆ మోత కత్తితో కోసినట్టు ఆగిపోయి, దాని అడుగు నుంచి ఒక పక్షి కూత వినబడింది. న్యూజిలాండ్ రేడియో ప్రసారానికి ముందు వేసే బెల్‌బర్డ్ కూత అది. పదకొండు వేల కిలోమీటర్లకు పైగా దాటి వచ్చి, ఇన్నాళ్లూ మా ఇంటి వైర్ల మోత కింద పడి ఉందన్నమాట. మర్నాడు ఒక్కొక్క స్విచ్ ఆపి చూస్తే దొంగలు ఇద్దరు దొరికారు: పశువుల కొట్టంలోని ఎల్‌ఈడీ బల్బు, మా అబ్బాయి ఫోన్ ఛార్జర్. అప్పటి నుంచి వినే ముందు 10000 కిలోహెర్ట్జ్ పెట్టి చైనా కాలసంకేతం టిక్కుటిక్కుమనడం చూసుకుంటాను. అది తేటగా వస్తే ఇంట్లో అంతా సద్దుమణిగినట్టే.

ఇక నిజంగా దీని తప్పులు. పిట్టగోడ నుంచి వేపచెట్టుకు 12 మీటర్ల తీగ కట్టి తగిలిస్తే ఇది ఉక్కిరిబిక్కిరవుతుంది. చైనా పెద్ద స్టేషన్లు ఉండకూడని చోట కూడా దయ్యాల్లా పలుకుతాయి. సిగ్నల్ పట్టే శక్తిని తగ్గించే లోకల్ స్విచ్ వేస్తే దయ్యాలతో పాటు బలహీనమైన స్టేషన్లూ పోతాయి, అందుకే నేను తీగను సగానికి కోసేశాను. సిగ్నల్ సన్నగిల్లినప్పుడల్లా చిప్ తనంతట తాను గొంతు తగ్గించేయడం అంతకన్నా చికాకు, దూరపు స్టేషను పేరు చెప్పే క్షణంలోనే నోరు మూసినట్టవుతుంది. దీనికి నాకు మందు దొరకలేదు.

ప్రసారం ఎలా వినబడిందో స్టేషన్లకు రిపోర్టులు రాసేవారికి గడియారం రెండు సమయాలు చూపడం మేలు. మొదటి రిపోర్టులో నేను మన సమయమే రాసి పంపాను, జవాబు రాలేదు. ఐదున్నర గంటలు తీసేసి యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) రాశాక, ఎస్ఐఎన్‌పీఓ అంకెలతో (సిగ్నల్ బలం, అడ్డంకి, రొద, సన్నగిల్లడం, మొత్తం నాణ్యతలకు ఇచ్చే మార్కులు) సహా పంపిన రిపోర్టుకు రుమేనియా రేడియో నుంచి క్యూఎస్‌ఎల్ కార్డు, అంటే విన్నది తమ ప్రసారమేనని ధ్రువీకరించే కార్డు, వచ్చింది.

కీప్యాడ్ మీది 5, 9 అంకెలు అరిగిపోయాయి. ఏరియల్ కడ్డీ మూడో ఏట మొదట్లో ఊగిపోతే, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర పాత టీవీలు బాగుచేసే పెద్దాయన యాభై రూపాయలకు మర మార్చి బిగించి ఇచ్చాడు, అది ఇప్పటికీ కదల్లేదు.