బస సింగపూర్‌లోనా, జొహోర్ బారులోనా? కాజ్‌వే దాటేవాళ్ల కోసం

సింగపూర్ హోటల్ అద్దెలు చూసి బెంబేలెత్తినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పే సలహా ఒకటుంది: అవతల మలేసియాలో, జొహోర్ బారులో గది తీసుకోండి, పగలంతా సింగపూర్ తిరిగి రాత్రికి వచ్చేయండి అని. అద్దె తక్కువన్న మాట నిజమే. కానీ ఆ లెక్కలో సరిహద్దును కలపరు. రెండింటినీ కలిపే కాజ్‌వే, అంటే సముద్రం మీది కట్టదారి, రోజూ సుమారు 3 లక్షల మంది దాటే చోటది. పోతే రెండు ఇమ్మిగ్రేషన్లు, వస్తే రెండు. మిగిలిన డబ్బు క్యూలో కరిగిపోతుంది. మకాం సింగపూర్‌లోనే పెట్టి, చిన్న సంచితో జొహోర్‌లో ఒక్క రాత్రి ఉండి రావడం మేలు.

ముందు కాగితాల సంగతి. భారత పాస్‌పోర్టుకు మలేసియాలో 2026 డిసెంబరు 31 వరకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. సింగపూర్‌కు మాత్రం కావాలి, అందులో మల్టిపుల్ జర్నీ అని ఉందో లేదో చూసుకోండి. అక్కడ ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికొచ్చి, సరదాగా జొహోర్ చూసొద్దామని బయల్దేరే అమ్మానాన్నలకు తేడా వచ్చేది ఇక్కడే. సింగిల్ జర్నీ వీసా అయితే వెళ్లడం తేలికే, తిరిగి రానివ్వరు. మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు, తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డు, రెండూ ప్రయాణానికి 3 రోజుల లోపు నింపాలి. రెండూ ఉచితం. డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

బస్సులో పోవాలంటే క్రాంజీ మెట్రో దగ్గర 170 గానీ, పసుపు రంగు సీడబ్ల్యూ1 గానీ ఎక్కండి. వుడ్‌లాండ్స్ చెక్‌పోస్టులో సామానంతా తీసుకుని దిగాలి, ఆ బస్సు మీ కోసం ఆగదు. తనిఖీ అయ్యాక కిందికి వెళ్లి మీ నంబరు వరుసలో నిలబడి, వచ్చిన బస్సు ఎక్కడమే. సీడబ్ల్యూ1లో టికెట్ తీసుకుంటే పారేయకండి, రెండో బస్సులో అదే చూపాలి. 170లో మెట్రో కార్డే చాలు, కాకపోతే దిగేటప్పుడు ఆనించడం మరిస్తే చివరి స్టాపు దాకా చార్జీ పడుతుంది. అవతల ఇమ్మిగ్రేషన్ అయ్యాక పైకప్పున్న వంతెన మీదుగా నడిస్తే జేబీ (జొహోర్ బారు) సెంట్రల్ స్టేషను, దాన్ని దాటితే సిటీ స్క్వేర్ మాల్.

రైలు హాయి. షటిల్ టెబ్రావ్ 5 నిమిషాల్లో దాటిస్తుంది. జొహోర్ నుంచి టికెట్ 5 రింగిట్లు, వుడ్‌లాండ్స్ నుంచి 5 సింగపూర్ డాలర్లు. డాలరుకు 3 రింగిట్ల పైనే వస్తాయి కాబట్టి, అంకె ఒకటే అయినా ఇవతలి నుంచి మూడింతలు కట్టినట్టే. వారాంతపు సీట్లు ముందే అయిపోతాయి. వుడ్‌లాండ్స్‌లో రైలు దిగే చోటుకు మెట్రో ఆనుకుని లేదు, మళ్లీ సిటీ బస్సు పట్టాలి.

ఈ రైలు నగరం నడిబొడ్డు దాకా పోకపోవడానికి వెనక పెద్ద కథే ఉంది. 1965లో రెండు దేశాలూ విడిపోయినా, సింగపూర్ గడ్డ మీది రైలు భూములు మలేసియా రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. 1998లో సింగపూర్ తన ఇమ్మిగ్రేషన్ కౌంటర్లను వుడ్‌లాండ్స్‌కు మార్చింది. మలేసియా మాత్రం నగరంలోని తంజోంగ్ పగార్ స్టేషనులోనే కూర్చుంది. దాంతో సింగపూర్ వదలకముందే మలేసియాలో ప్రవేశించినట్టు లెక్క! 2011 జులై 1న స్టేషను వుడ్‌లాండ్స్‌కు వచ్చాకే ఆ తకరారు తీరింది. ఇప్పుడు కడుతున్న 4 కిలోమీటర్ల ఆర్‌టీఎస్ అనే కొత్త సరిహద్దు రైలు మార్గం గంటకు ఒక్కోవైపు 10 వేల మందిని మోయగలదు. రెండు దేశాల తనిఖీలూ ఎక్కేచోటే ముగుస్తాయి. అది నడిచాక పైన చెప్పిన బస సలహాను మళ్లీ తూచి చూడొచ్చు.

2025 జనవరి నుంచి జొహోర్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారింది. రెండువైపులా సెలవు ఒకేసారి రావడంతో శుక్రవారం సాయంత్రం అటు, ఆదివారం సాయంత్రం ఇటు పెట్టుకోవద్దు. మంగళ, బుధవారాల్లో ఆఫీసు రద్దీ తగ్గాక బయల్దేరడం ఉత్తమం.

ఒక్క రాత్రికైతే జేబీ సెంట్రల్‌కు నడిచే దూరంలో గది చూడండి. పిల్లలతో లెగోలాండ్ అనే వినోద పార్కు కోసమే వస్తే ఇస్కందర్ పుతేరిలో దిగి, తువాస్ వైపున్న రెండో వంతెన దారి పట్టండి. విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను విడిగా కట్టాలి. సింగపూర్ హోటల్ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ కలుపుకోండి.

కాజ్‌వే మీద బస్సు నత్తనడక నడిచేటప్పుడు పక్కన లావుపాటి నీటి గొట్టాలు కనిపిస్తాయి. 1962 ఒప్పందం ప్రకారం జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా సింగపూర్ తోడుకోవచ్చు, 2061 వరకు. వెయ్యి గ్యాలన్లకు 3 సెన్లు, అంటే రింగిట్‌లో నూరింట మూడు వంతులు. శుద్ధి చేసిన నీళ్లలో కొంత జొహోర్ తిరిగి కొనేది 50 సెన్లకు. ఈ ధర మీద వాదన దశాబ్దాలుగా నడుస్తోంది.

సింగపూర్ కారులో తీసుకెళ్తామని స్నేహితులెవరైనా అంటే, ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉందో లేదో అడగండి. అవతల చౌక పెట్రోలు పోయించుకోకుండా సింగపూర్ పెట్టిన నియమమది, లేకపోతే చెక్‌పోస్టు నుంచే వెనక్కి పంపుతారు. అటు మలేసియా కూడా సబ్సిడీ పెట్రోలు రాన్ 95ను విదేశీ కార్లకు పోయదు. కారుకు వీఈపీ అనే మలేసియా ప్రవేశ అనుమతి కూడా ఉండాలి, లేకుంటే 300 రింగిట్ల జరిమానా.

తిరుగు ప్రయాణంలో సంచి ఒకసారి చూసుకోండి. మలేసియా నుంచి వచ్చేవారికి మద్యం మీద సుంకం మినహాయింపు లేదు. సిగరెట్లయితే ఒక్క పెట్టె ఉన్నా చెప్పి పన్ను కట్టాలి. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు అక్కడే వదిలేయండి.