రూబీలో ఫైబర్లకూ థ్రెడ్లకూ నడుమ క్యూ: కొన్నేళ్లు వాడాక

రూబీ ప్రోగ్రామింగ్ భాష 3.0 వెర్షన్‌తో పాటు 2020 డిసెంబరులో ఫైబర్ షెడ్యూలర్ వచ్చింది. థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పనుల వరుస. ఫైబర్ అంటే థ్రెడ్ లోపలే నడుస్తూ, మధ్యలో ఆగి మళ్లీ సాగగల చిన్న పని. ఏ ఫైబర్ ఆగాలో, ఏది సాగాలో చూసేది షెడ్యూలర్. నా సర్వర్‌లో నెట్‌వర్క్ పనులన్నీ ఫైబర్లు చూసుకుంటాయి. బొమ్మల సైజు తగ్గించడం, షెడ్యూలర్ సంగతే తెలియని పాత డేటాబేస్ డ్రైవర్‌ను నడపడం వంటివి థ్రెడ్ల వంతు. వేల ఫైబర్లు ఒకే థ్రెడ్‌లో ఒదిగిపోతాయి, అందులో ఇబ్బంది లేదు. ఈ రెండు వర్గాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసిన చోటే చిక్కంతా. అక్కడ నేను నమ్ముకున్నది క్యూని, అంటే ఒకరు వేసినవాటిని మరొకరు వరుసగా తీసుకునే జాబితాని.

ఖాళీ క్యూ మీద ఫైబర్ పాప్ (క్యూలోంచి ఒకటి తీసుకునే మెథడ్) పిలిస్తే థ్రెడ్ మొత్తం ఆగిపోదు. రూబీ షెడ్యూలర్‌లోని బ్లాక్ మెథడ్‌ను పిలుస్తుంది, ఆ ఒక్క ఫైబర్ పక్కకు తప్పుకుంటుంది, మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. అవతలి థ్రెడ్ ఫలితాన్ని పుష్ చేయగానే (క్యూలో వేయగానే) అన్‌బ్లాక్ పిలుపు వస్తుంది. అది వచ్చేది పరాయి థ్రెడ్ నుంచి కాబట్టి షెడ్యూలర్ ఫైబర్‌ను అప్పటికప్పుడు లేపదు. లాక్ తీసుకుని దాన్ని సిద్ధంగా ఉన్నవాటి జాబితాలో చేర్చి, ఎదురుచూస్తున్న ఈవెంట్ లూప్‌ను (సిద్ధమైన ఫైబర్లను నడిపే చక్రాన్ని) కదిలిస్తుంది. ఫైబర్‌ను దాని సొంత థ్రెడ్ తప్ప మరొకటి రెస్యూమ్ చేయబోతే (తిరిగి నడపబోతే) ఫైబర్ ఎర్రర్ తప్పదు. ఈ కట్టుబాటు నాకు ఎంతో నచ్చింది. ఏ కోడ్ ఎక్కడ నడుస్తోందో ఎప్పుడూ అనుమానం రాదు.

క్యూకి హద్దు పెట్టే సైజ్డ్ క్యూ ఇంకా మేలు. థ్రెడ్లు వెనకబడితే పుష్ చేసే ఫైబర్లే ఆగుతాయి, మెమరీ ఉబ్బిపోదు.

లోపాలు లేకపోలేదు. థ్రెడ్.కరెంట్ (ఇప్పుడు నడుస్తున్న థ్రెడ్) పక్కన చదరపు బ్రాకెట్లలో దాచిన విలువ నిజానికి ఆ ఫైబర్‌కే పరిమితం. పేరు చూసి థ్రెడ్ అంతటికీ చెందుతుందనుకుంటాం. అలా కావాలంటే థ్రెడ్ వేరియబుల్ మెథడ్లే వాడాలి. ఒకసారికి ఒకే థ్రెడ్‌ను రూబీ కోడ్ నడపనిచ్చే గ్లోబల్ లాక్ వల్ల రూబీ లెక్కలను థ్రెడ్లకు పంచినా వేగం పెరగదు. అయినా పంచడమే మంచిది. థ్రెడ్లు వంతులవారీగా మారుతుంటాయి, ఫైబర్ మాత్రం తనంతట తాను వదలనిదే పక్క ఫైబర్‌కు అవకాశం ఇవ్వదు. పెద్ద జేసన్ డేటాను ఫైబర్‌లోనే పార్స్ చేస్తే (విడదీసి చదివితే) ఆ థ్రెడ్‌లోని కనెక్షన్లన్నీ అంతసేపూ నిలిచిపోతాయి.

2022 డిసెంబరు నాటి 3.2లో పాప్‌కు టైమౌట్ చేర్చారు. బయటినుంచి గడువు పెట్టి ఫైబర్‌ను మధ్యలో తెంచే అవసరం దానితో తీరింది. కానీ గడువు దాటినా నిల్ (ఏమీ లేదనే విలువ) వస్తుంది, క్యూ మూసేసి ఖాళీ అయినా నిల్ వస్తుంది. అందుకే నా కోడ్‌లో నిల్ వచ్చిన ప్రతిచోటా క్యూ మూసేసి ఉందో లేదో చెప్పే క్లోజ్డ్ మెథడ్‌తో సరిచూస్తాను, క్యూలోకి నిల్‌ను ఎప్పుడూ పుష్ చేయను. ఈ రెంటికీ వేర్వేరు జవాబులు ఇచ్చి ఉంటే నాకు ఫిర్యాదే ఉండేది కాదు.