దవడ తేడాకు క్లిప్పులు చాలా, సర్జరీ కూడా కావాలా?

పళ్లు మాత్రమే వంకరైతే క్లిప్పులు చాలు. దవడ ఎముకే ముందుకో వెనక్కో ఉన్నప్పుడే ఈ టెన్షన్.

ఖర్చు: క్లిప్పులకు చాలాచోట్ల వాయిదాల్లో కట్టొచ్చు. సర్జరీ కలిస్తే ప్రైవేటులో లక్షల్లోకి వెళ్తుంది. ముందు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో అడగండి.

కాలం: రెండిటికీ దాదాపు 2 ఏళ్లు. అయితే సర్జరీకి ముందు క్లిప్పులతో పళ్లను ఎముకకు తగ్గట్టు సర్దుతారు కాబట్టి, ఆపరేషన్ దాకా తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. పెళ్లిచూపులుంటే ఆలోచించుకోండి!

రిస్క్: క్లిప్పులతోనే ఎముక తేడాను కప్పిపుచ్చితే చిగుళ్లు కిందికి జారొచ్చు. సర్జరీలో పూర్తి మత్తు, కొన్ని వారాలు జావ, మజ్జిగే. కింది దవడ కోస్తే పెదవి తిమ్మిరి కొందరికి శాశ్వతంగా ఉండిపోతుంది.

తేడా స్వల్పమై, నమలడం బాగుంటే క్లిప్పులే. ముందుపళ్లు కలవక మిర్చి బజ్జీ కూడా కొరకలేకపోతే, ఎదుగుదల ఆగాక సర్జరీ.