బాస్ డాక్టర్ బీట్ డీబీ-90 రివ్యూ: పాత డ్రమ్‌లైన్ వాళ్ళ కోసం

మార్చింగ్ బృందంలో వరసగా నిలబడి స్నేర్ డ్రమ్ములు వాయించిన మా పాత స్నేర్ లైన్ వాళ్ళం చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసి ప్రాక్టీస్ ప్యాడ్ల మీద వాయించడం మొదలుపెట్టాం. అప్పటినుంచి మా గ్రూపులో ఒకటే వాదన: ఫోన్‌లో యాప్ సరిపోతుందా, డాక్టర్ బీట్ కొనాల్సిందేనా. నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్కరే కూర్చుని చేతులు కదిలించుకోవడానికైతే యాప్ చాలు. నలుగురు కలిసి వాయించాలన్నా, పిల్లలకి నేర్పించాలన్నా డీబీ-90 కొనండి.

ఇది రోలాండ్ వాళ్ళ బాస్ బ్రాండ్‌లో వచ్చే మెట్రోనోమ్, అంటే టెంపో తప్పకుండా బీట్లు మోగించే పెట్టె, మా భాషలో మెట్. దీనికంటే ముందు డీబీ-88 ఉండేది, మాకన్నా సీనియర్లు దాంతోనే పెరిగారు. టెంపో నిమిషానికి 30 నుంచి 250 బీట్ల దాకా పెట్టుకోవచ్చు, మనిషి గొంతుతో కౌంట్లు చెప్పే సెట్టింగ్ ఉంది, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు ఉంది, 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. ఇవన్నీ బాగున్నాయి కానీ ఇందుకోసం ఎవరూ దీన్ని కొనరు. దీని ప్రాణమంతా ముందువైపున్న స్లైడర్లలో ఉంది. యాక్సెంట్ (బార్ అనే బీట్ల గుంపులో మొదటి దెబ్బ), క్వార్టర్ (ఒక్కో బీట్), ఎయిత్ (బీట్‌లో సగం), సిక్స్‌టీంత్ (బీట్‌లో పావు), ట్రిప్లెట్ (బీట్‌లో మూడో వంతు), దేని వాల్యూమ్ దానికి వేరుగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, అది కూడా వాయిస్తుండగానే, ఆపకుండా, తెరవైపు చూడకుండా ఒక్క వేలితో.

బయటివాళ్ళకి ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది. డ్రమ్ కోర్ అనే మార్చింగ్ బృందంలో ఒక్క వేసవి గడిపినవాళ్ళకి మాత్రం ఆ స్లైడర్ కిందికి జారడం చూస్తే ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది. మా టెక్ (మాకు నేర్పించే స్టాఫ్) అదే చేసేవాడు. మేం ట్రిప్లెట్ రోల్స్ వాయిస్తూ ఉంటే ముందు ట్రిప్లెట్లు మాయం చేసేవాడు, కాసేపటికి క్వార్టర్లు కూడా పోయి ప్రతి బార్ మొదట్లో ఒక్క యాక్సెంట్ మిగిలేది, చివరికి అదీ లేదు. పదహారు కౌంట్ల పాటు మాకు మా పాదాలే దిక్కు. మళ్ళీ స్లైడర్ పైకి తోసినప్పుడు ఆ ‘గాక్’ అనే శబ్దం సరిగ్గా మా దెబ్బ మీద పడితే ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్ళు కాదు, సెంటర్ స్నేర్ (లైన్ మధ్యలో నిలబడే మా నాయకుడు) మాత్రం కొంచెం తల ఊపేవాడు. ఆ తల ఊపు కోసం మేం రోజంతా ఎండలో నిలబడేవాళ్ళం. టెంపో అనేది ఈ పెట్టె ఇచ్చేది కాకూడదు, మనలోంచి రావాలి అన్న సంగతి నాకు ఏ పుస్తకం వల్లా అర్థం కాలేదు, ఆ స్లైడర్ వల్ల అర్థమైంది.

ఈ లోకం తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. డ్రమ్ కోర్ అమెరికాలో వేసవిలో తిరిగే మార్చింగ్ బృందం, అందులో బ్రాస్, పెర్కషన్, కలర్ గార్డ్ (జెండాలు తిప్పేవాళ్ళు) మాత్రమే ఉంటాయి. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. ఇప్పుడు ఫైనల్స్ ఆగస్టులో ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో. వయసు పరిమితి ఉంటుంది, అది దాటితే ఏజ్ అవుట్, ఇక ఆ యూనిఫాం మళ్ళీ వేసుకోలేం. అందుకే పాతవాళ్ళు కలిస్తే మాటలు అంత తొందరగా ఆగవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫీల్డ్‌లో మెట్ ఎక్కడ పెడతారో గుర్తుందా? మా ముందు కాదు, వెనక. బండి మీద పెద్ద స్పీకర్, దానికి కలిపిన డాక్టర్ బీట్, ఆ బండి తోసుకుంటూ బ్యాటరీ (నడుస్తూ వాయించే మా డ్రమ్ముల బృందం) ఎటు వెళ్తే అటు వెనకాలే పరిగెత్తే ఒక మనిషి. ఎందుకంటే ఫుట్‌బాల్ ఫీల్డ్ వెడల్పు 160 అడుగులు. శబ్దం వెనక గీత నుంచి ముందు గీతకి చేరడానికి దాదాపు 0.14 సెకను పడుతుంది. 180 టెంపోలో ఒక సిక్స్‌టీంత్ నోటు 0.083 సెకనే. అంటే వెనక నిలబడ్డ స్నేర్లు, ముందున్న పిట్ (మారింబాల్లాంటి కదలని వాయిద్యాల వాళ్ళు) ఇద్దరూ డ్రమ్ మేజర్ (కండక్టర్) చేతులు చూసి ఒకేసారి కొడితే, పైన కూర్చున్న జడ్జికి స్నేర్లు ఒకటిన్నర సిక్స్‌టీంత్ కన్నా ఎక్కువ ఆలస్యంగా వినిపిస్తాయి. అందుకే పిట్ వాళ్ళు చేతులు చూడరు, వెనక నుంచి వచ్చే మా శబ్దం వింటారు. మేం ముందునుంచి వచ్చేదేదీ వినకూడదు. పక్కనే మారింబాలు ఎంత ముద్దుగా మోగినా వినకూడదు! లూకాస్ ఆయిల్ లాంటి మూసి ఉన్న స్టేడియంలో అయితే గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం చెవుల్ని పూర్తిగా మోసం చేస్తుంది, అక్కడ నమ్మదగ్గవి పాదాలు మాత్రమే. పోటీ రోజున మెట్ ఉండదు కదా. అప్పటిదాకా అది మాకు నేర్పినదే మిగులుతుంది.

టెంపో ఒకటే ఉండి, అన్నీ ఒకే వాల్యూమ్‌లో మోగే యాప్‌తో ఈ పని జరగదు. సబ్‌డివిజన్లు, అంటే బీట్ లోపలి ముక్కలు, చూపించే మంచి యాప్‌లు ఉన్నాయి, కాదనను. కానీ చేతిలో స్టిక్స్ ఉండగా, ఎదురుగా లైన్ వాయిస్తుండగా, ఫోన్ తెర మీద వేలు సరైన చోట పడటం కష్టం, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే ఇక అంతే. బేస్ డ్రమ్ వాళ్ళకైతే ఆ సిక్స్‌టీంత్ స్లైడర్ వరమే. ఐదుగురు ఒక్కొక్కరు ఒక్కో నోటు కొట్టి ఒక్క మనిషి వాయించినట్టు వినిపించాలి కాబట్టి, వాళ్ళకి తమ నోటు ఒక్కటే కాదు, పక్కవాడి నోటు ఎక్కడుందో కూడా లోపల వినపడుతూ ఉండాలి.

మొన్న మేం కలిసినప్పుడు ఈ పెట్టెని బల్ల మీద పెట్టి, కుర్చీల మీద ప్యాడ్లు పెట్టుకుని ఎయిట్స్‌తో (ఒక్కో చేత్తో ఎనిమిదేసి దెబ్బలు కొట్టే వార్మప్) మొదలుపెట్టాం. మొదటి రెండు మూడు నిమిషాలు అందరి ఎడమ చేతులూ మొరాయించాయి. ఎడమ చేతి స్టిక్‌ని అరచెయ్యి పైకి తిప్పి పట్టే ట్రెడిషనల్ గ్రిప్ ఇన్నాళ్ళు పట్టకపోతే బొటనవేలు దగ్గర ఎంత నొప్పో పట్టినవాళ్ళకే తెలుసు. కానీ మూడంగుళాల ఎత్తు అంటే అందరి స్టిక్కులూ మూడంగుళాల దగ్గరే ఆగాయి, తొమ్మిది అంటే తొమ్మిది. ఎవరూ చెప్పకుండానే ఒకరు స్లైడర్ కిందికి లాగేశారు, గది అంతా మా దెబ్బలు మాత్రమే. తర్వాత ఇక మాటలే మాటలు. హైస్కూల్ జిమ్ నేల మీద వరసగా పరిచిన పడకలు, చేతిలోంచి దించని గ్యాలన్ నీళ్ళ జగ్గు, సాక్సుల గీత దగ్గర ఆగిపోయిన ఎండ రంగు, తెల్లవారుజామున బస్సు ఆగితే ఏ రాష్ట్రంలో ఉన్నామో తెలియకపోవడం, స్టాఫ్ ‘ఇంకొక్కసారి’ అంటే అది ఒక్కసారి కాదని లైన్ మొత్తానికీ తెలిసి కూడా మారుమాట లేకుండా సెట్‌కి (ఫీల్డ్ మీద మొదలుపెట్టే చోటుకి) పరిగెత్తడం. షోకి ముందు పార్కింగ్ లాట్‌లో వార్మప్ చేస్తుంటే చుట్టూ మూగిన జనం, వాళ్ళలో మాకన్నా పాతవాళ్ళు, కళ్ళు మూసుకుని కాలు ఆడిస్తూ. ఇప్పుడు వాళ్ళ స్థానంలో మేమున్నాం, నాకది సంతోషమే.

మా బృందం టెనర్ డ్రమ్స్ ప్లేయర్ కూతురు హైస్కూల్ డ్రమ్‌లైన్‌లో ఉంది, ఆ రోజు తనూ కూర్చుంది. రోల్స్ వేగంగా కొడుతుంది, కానీ ముందుకి తోసుకుపోతుంది, ఆ వయసులో అందరికీ ఉండేదే. ట్రిప్లెట్ స్లైడర్ పైకి పెట్టి మిగతావి తగ్గించి కాసేపు వాయించమన్నాం. తర్వాత మెల్లగా దాన్ని కూడా తగ్గించాం. తను ఎక్కడ పరిగెడుతోందో తనే పట్టుకుంది, ఎవరూ ఒక్క మాట అనక్కర్లేకపోయింది. ఈ పెట్టె విలువ అక్కడ అర్థమవుతుంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. లోపలి స్పీకర్ గదికి చాలు, బయట లైన్ మొత్తానికి సరిపోదు, పెద్ద స్పీకర్‌కి కలపాల్సిందే, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. జేబులో పట్టదు. యాప్‌లు ఉచితంగా దొరికే రోజుల్లో దీని ధర ఎక్కువే అనిపిస్తుంది. మైక్‌తో మన దెబ్బలు విని మన టైమ్ ఎంత సరిగ్గా ఉందో చూపించే రిథమ్ కోచ్ అనే సదుపాయం ఉంది, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పనికొస్తుంది కానీ లైన్‌లో నేర్చుకున్నవాళ్ళకి పక్కవాడి చెవే మేలు.

కొన్నాక మొదట ఏం చేయాలని అడిగేవాళ్ళకి: ఎయిట్స్ నెమ్మదిగా, క్వార్టర్, ఎయిత్ రెండూ పైకి పెట్టి, నిలబడి, మార్క్ టైమ్ చేస్తూ, అంటే ఉన్నచోటే అడుగులు వేస్తూ వాయించండి. కూర్చుని వద్దు, పాదాలు కదలకపోతే సగం పని జరగనట్టే. స్థిరపడ్డాక ఎయిత్ తీసేయండి, తర్వాత క్వార్టర్ కూడా తీసేసి యాక్సెంట్ ఒక్కటే ఉంచండి. అక్కడ కుదిరాక పారాడిడిల్స్, ఫ్లామ్‌లు. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ జాబితాలో ఇలాంటి 40 రూడిమెంట్స్ (డ్రమ్మింగ్ ప్రాథమిక పాఠాలు) ఉన్నాయి, తొందరేం లేదు.

మా గ్రూపులో ఇంకా తేల్చుకోనివాళ్ళు వచ్చే కలయికకి ప్యాడూ స్టిక్సూ తెచ్చుకోండి, మెట్ నేను తెస్తాను, అక్కడ వాయించి చూసి నిర్ణయించుకోండి.