మంగళాజోడి: గెడ పడవలో మూడు విహారాలు

విశాఖపట్నంలో రాత్రి ఎక్కిన రైలు ఇంకా చీకటి ఉండగానే మమ్మల్ని ఒడిశాలోని బాలుగావ్‌లో దింపింది. అక్కడి నుంచి కారులో పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా టాంగీ వరకు వెళ్లి, కుడివైపు పల్లెదారి పట్టి కొద్దిసేపు ప్రయాణిస్తే చిలికా సరస్సు ఈశాన్యపు అంచున, చిత్తడి నేలలను ఆనుకుని ఉన్న మంగళాజోడి అనే ఊరు వస్తుంది. జనవరి రెండో వారంలో నేను, మా బావమరిది పక్షుల ఫోటోల కోసమే అక్కడ రెండు రాత్రులు గడిపాము. అంతకుముందు రెండు శీతాకాలాలు నేలపట్టుకూ పులికాట్‌కూ వెళ్లి వచ్చిన అనుభవం ఉన్నందువల్ల, ఇక్కడ చూసిన ప్రతిదాన్నీ వాటితో పోల్చుకుంటూనే ఉన్నాను.

నేలపట్టులో చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను సాకుతాయి. గట్టు మీద నుంచో, కావలి బురుజు మీద నుంచో గంటల తరబడి వాటి సంసారాన్ని గమనించవచ్చు. గూళ్ల దగ్గరికి మనుషులను వెళ్లనివ్వకపోవడం ముమ్మాటికీ సరైన పని. అయితే ఫోటోలో పక్షిని ఎప్పుడూ దూరం నుంచి, చాలాసార్లు పైనుంచి కిందికి చూసినట్టే ఉంటుంది. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారికి రెండు వైపులా రాజహంసలు కనిపిస్తాయి గానీ, ఎండ కాస్త ఎక్కగానే నీటి మీద గాలి అలలు అలలుగా కదిలి, ఎంత మంచి లెన్సు పెట్టినా గులాబిరంగు మరకలే మిగులుతాయి. మంగళాజోడిలో ఈ రెండు ఇబ్బందులూ లేవు, ఎందుకంటే అక్కడ మనం పక్షి కంటికి సమానమైన ఎత్తులో, నీటికి జానెడు పైన కూర్చుని ఉంటాము.

ముందుగా బస సంగతి చెప్పాలి. చిత్తడిలోనే డేరా వేసుకుందామన్న కోరిక చాలామందికి ఉంటుంది. అది పక్షుల విశ్రాంతి స్థలం కాబట్టి మేము అడగలేదు, ఎవరూ అడగకూడదని నా అభిప్రాయం. ఊరి అంచున తోటలో డేరాలు వేసి ఇచ్చే ఒక చోట మొదటి రాత్రికి ఒక డేరా ముందుగానే మాట్లాడుకున్నాము. డేరా శుభ్రంగానే ఉంది, మంచం గట్టిది, వేడినీళ్లు అడిగిన వెంటనే ఇచ్చారు, అన్నంలోకి పెట్టిన దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), చిలికా రొయ్యల కూర ఇప్పటికీ గుర్తున్నాయి. కానీ రాత్రి పదకొండు దాకా చలిమంట చుట్టూ లౌడ్‌స్పీకరు మోగుతూనే ఉంది. అంతకంటే బాధించినది, ఉదయం ఆరింటికి సిద్ధంగా ఉంటుందన్న పడవ ఏడున్నరకు గాని రాకపోవడం. మా కోరిక పడవవాళ్లకు చేరనేలేదని తర్వాత తెలిసింది. పక్షుల ఫోటోకు వెళ్లినవాడికి ఆ గంటన్నర పోతే ఆ రోజులో సగం పోయినట్టే. అందుచేత రెండో రాత్రికి ఊళ్లోనే ఒక ఇంటి మేడ మీద గది తీసుకుని, పడవను రేవు దగ్గర నేరుగా మాట్లాడుకున్నాము. గది సాదాసీదాది, స్నానాల గది కింద ఉంది, అయినా నిద్ర బాగా పట్టింది, పడవ చెప్పిన వేళకు వచ్చింది.

డేరాలో పడుకోవాలనుకునేవారికి ఒక జాగ్రత్త. ఆ నెలలో అక్కడ మంచు విపరీతంగా కురుస్తుంది. తెల్లవారేసరికి డేరా లోపలి పైగుడ్డ నుంచి చినుకులు రాలి నా కెమెరా సంచి పై భాగం తడిసిపోయింది. లెన్సులను ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి పెట్టుకోవడం, బయటికి వచ్చాక పది నిమిషాలు ఆగి మూత తీయడం అలవాటు చేసుకోవాలి.

రెండో ఉదయం ఆరుంబావుకే పడవ ఎక్కాము. అవి మోటారు లేని నాటు పడవలు. వెనక ఒకరు గెడతో నెడుతుంటే, ముందు కూర్చున్న గైడు పక్షులను చూపిస్తాడు. జమ్ము, రెల్లు దుబ్బుల మధ్య సన్నని కాలువలో గెడ మోపిన చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. మొదటి మలుపులోనే ఊదారంగు నీటికోడి ఒకటి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి వేళ్లతో జమ్ముకాడను చేతితో పట్టుకున్నట్టు పట్టుకుని, పై పొర ఒలిచి లోపలి తెల్లని గుజ్జు కొరుక్కు తింటున్నది. మాకూ దానికీ మధ్య పది అడుగులు కూడా లేదు. గెడ పట్టుకున్న పెద్దాయన గెడను నీళ్లలోంచి పైకి తీయకుండా అలాగే బురదలో గుచ్చి ఉంచాడు. ఎందుకని అడిగితే, గెడ నుంచి రాలే చుక్కల చప్పుడుకే అది లేచిపోతుందని సైగలతో చెప్పాడు. నేను తీసిన ఆ కోడి ఫోటో బాగుందని ఎవరన్నా, అందులో సగం ఆయనదే.

ఆ తర్వాత కాలువ విశాలమై, బురద మేటల మీద నల్లతోక గాడ్‌విట్‌లు వేల సంఖ్యలో కనిపించాయి. పొడవాటి ముక్కును మొదలంటా బురదలో దింపి, కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడిస్తూ మేస్తున్నాయి. నేల మీద ఉన్నప్పుడు బూడిదరంగులో మామూలుగా కనిపించే ఆ పిట్టలు, చిత్తడి గద్ద ఒకటి తక్కువ ఎత్తులో తిరిగేసరికి ఒక్కసారిగా లేచాయి. అప్పుడు రెక్కల మీది తెల్లని పట్టీలు, నల్లని తోకలు ఒకేసారి విచ్చుకుని ఆకాశమంతా గీతలు గీసినట్టయింది. ఆ క్షణం కోసం షట్టరు వేగాన్ని సెకనులో రెండువేలో వంతుకు ముందుగానే పెట్టుకోమని గైడు చెప్పి ఉండకపోతే నాకు దక్కేది కాదు. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, పొడవుకాళ్ల స్టిల్ట్‌లు, రేవుపిట్టలు లెక్కకు మించి ఉన్నాయి. తామరాకుల మీద నడిచే జకానాలు కూడా కనిపించాయి గానీ, నెమలితోక జకానాకు శీతాకాలంలో ఆ పొడవు తోక ఉండదు.

పడవలో ట్రైపాడ్ దండగ. బియ్యం నింపిన చిన్న గుడ్డసంచిని పడవ అంచు మీద వేసి, దాని మీద లెన్సు ఆనించడమే మేలు. నా దగ్గర ఉన్న నూటయాభై నుంచి ఆరువందల మిల్లీమీటర్ల జూమ్ సరిపోయింది, చాలాసార్లు నాలుగువందలే చాలింది. ఎండ వీపు మీద పడేటట్టు పడవను తిప్పమంటే వాళ్లు విసుక్కోకుండా తిప్పుతారు.

ఆ ఓపిక ఎక్కడిదో తెలుసుకోవాలంటే ఊరి గతం తెలియాలి. ఒకప్పుడు ఈ ఊళ్లో చాలా కుటుంబాలు పక్షులను వేటాడి అమ్ముకునే బతికేవి. వన్యప్రాణుల రక్షణకు పనిచేసే వైల్డ్ ఒరిస్సా సంస్థ, ఆ సంస్థకు చెందిన నంద కిశోర్ భుజబల్ ఏళ్ల తరబడి నచ్చజెప్పిన ఫలితంగా, ఆ వేటగాళ్లే 2000లో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలాకు దిగారు. మా పడవ పెద్దాయన కూడా కుర్రతనంలో రాత్రిళ్లు వేటకు వెళ్లినవాడేనట. పక్షి ఎటు లేస్తుందో, ఎంత దగ్గరికి ఓర్చుకుంటుందో ఆయనకు ఆనాడే తెలుసు. ఆ విద్య ఇప్పుడు మా కెమెరాలకు ఉపయోగపడుతోంది. కాబట్టి ఖర్చు తగ్గించుకోదలిస్తే బసలో తగ్గించుకోండి, పడవ దగ్గర మాత్రం బేరమాడకండి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా రెండు విహారాలకు డబ్బు పెట్టడం మంచి గదికి పెట్టడం కన్నా ఎంతో మేలు.

మూడో రోజు బాలుగావ్ నుంచి మోటారు పడవలో కాళిజాయి దీవి వైపు వెళ్లాము. అమ్మవారి దర్శనానికి, పిల్లలతో షికారుకు అది చక్కని ప్రయాణం. ఇంజను అదురుకు ఒక్క ఫోటో కూడా నిలకడగా రాలేదు, పక్షులు కూడా మేము చేరకముందే లేచిపోయాయి.

బయలుదేరే ముందు మా పెద్దాయనతో జకానా తోక గురించి మళ్లీ మాట్లాడాము. వానలు పడి నీళ్లు నిండాక వస్తే, తోక పెరిగిన జకానాలు తామరాకుల మీద గుడ్లు పెట్టడం చూడవచ్చని, అప్పుడు జనం కూడా ఉండరని చెప్పాడు. ఆయన ఫోను నంబరు రాసుకున్నాను. శ్రావణంలో మళ్లీ వెళ్లాలి.